బాపు చెవికి అందేటట్టు

పాత రికార్డ్ ప్లేయర్ తీసేసి కొత్త టర్న్‌టేబుల్, కొత్త స్పీకర్లు పెట్టుకున్నానని తెలిసినప్పటినుంచి నేను పనిచేసే రైలింజన్ల షెడ్డులో అందరూ అడిగేది ఒకటే. "ఎన్ని వాట్లన్నా?" మా దిక్కు సౌండ్ అంటే ముందు వాట్ల లెక్కే. వినాయక చవితికి ట్రాక్టర్ మీద కట్టిన బాక్సుల ముందు ఎగిరి పెరిగినవాళ్లం, ఆ లెక్క తప్పని నేను అనను. నా అవసరం మాత్రం వేరే. మా బాపుకు, అంటే మా నాన్నకు, పాట వినిపిస్తున్నది గానీ పాటలో మాట అర్థం కావడం లేదు. ఆ మాట వినిపించాలని మొదలుపెట్టిన పని ఇది. డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టొద్దు అన్నది ప్రతిసారీ దాన్నిబట్టే తేల్చుకున్నాను.

బాపు వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు. మూతపడి చాలా ఏండ్లయింది. సాంచాల (మిల్లు మగ్గాల) మధ్య జీవితమంతా నిలబడ్డవాళ్ల చెవులు ఎట్లా ఉంటాయో ఆ ఇళ్లల్లో పుట్టినవాళ్లకు తెలుసు. చెవి డాక్టరు తీయించిన వినికిడి పరీక్ష పటం, ఆడియోగ్రామ్‌లో గీత 1000 హెర్ట్‌జ్ దాకా ఫరవాలేదు. అక్కడినుంచి జారుకుంటూ పోయి 4000 దగ్గర గుంతలో పడింది. పెద్ద చప్పుడులో పనిచేసేవాళ్లకు మొదట దెబ్బతినేది ఆ 4000 ప్రాంతమే. మన అచ్చుల బలమంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. స, శ, చ, త లాంటి హల్లులను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి చూపేది పై ఫ్రీక్వెన్సీలు. అందుకే బాపుకు రాగం తెలుస్తుంది, పాడేది ఘంటసాలా సుశీలా అన్నది తెలుస్తుంది, ఏమంటున్నారో మాత్రం సగం ఊహించుకోవాలి.

ఇట్లాంటి చెవికి వాల్యూమ్ పెంచి లాభం లేదు. తగ్గిస్తే వినపడదు, పెంచితే గుచ్చుకుంటుంది, ఆ రెంటి మధ్య జాగా బాగా ఇరుకు. చెవి మిషన్ ఉన్నది, మనుషులతో మాట్లాడేటప్పుడు పెట్టుకుంటాడు. పాట మొదలైతే తీసి దిండు పక్కన పెడతాడు. అందులో వీణ వీణలాగ వినిపించదంటాడు. ఆ మిషన్లు తయారయ్యేది మనిషి మాట కోసం కాబట్టి ఆయన చెప్పేది నిజమే. అంటే ఇంట్లోని సెట్టే శుభ్రంగా పలకాలి. రికార్డు మీద ఆనే ముల్లు దగ్గర పుట్టే గరగర, నేల నుంచి ఎక్కే వణుకు, గోడలకు కొట్టుకొని వచ్చే ప్రతిధ్వని, ఏది కలిసినా ముందు పోయేది ఆ బక్క హల్లులే.

పాత సెట్టు గురించి చెడ్డగా చెప్పను. ఆడియో టెక్నికా వాళ్ల ఎల్‌పీ60ఎక్స్ అది. బటన్ నొక్కితే తనే చేయి ఎత్తి, తనే రికార్డు మీద పెట్టి, అయిపోగానే తనే వెనక్కి వస్తుంది. మొదటిసారి కొనేవాళ్లకు ఇప్పటికీ దాన్నే చెప్తాను. అయితే దాని హద్దులు దానికున్నాయి. కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకొని దాని కదలికను కరెంటుగా మార్చే ముక్క) మార్చలేం, ముల్లు మీద పడే బరువు మార్చలేం, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులకు కావలసిన స్పీడు లేదు. ముల్లు మొన గుండ్రం. దానికి కలిపింది కంప్యూటర్ పక్కన పెట్టుకునే చిన్న స్పీకర్లు.

గుండ్రటి మొనతో ఇబ్బంది ఎక్కడ తెలుస్తుందంటే, రికార్డు చివరి పాట దగ్గర. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది, మొదట్లోనైనా చివర్లోనైనా. కానీ బయటి అంచున ముల్లు కింద గాడి (పాట కోసి ఉన్న సన్న గీత) సెకనుకు సుమారు అర మీటరు పరుగెడితే, లోపల లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. అదే పాటను అంత తక్కువ పొడవులో ఇరికించి కోస్తారు కాబట్టి అక్కడ గాడిలో మెలికలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. గుండ్రటి మొన వాటిలో పూర్తిగా దిగదు. దిగనప్పుడు "స" కాస్తా "ష్ష్" అవుతుంది. బాపు ఎల్‌పీ తిప్పి రెండో వైపు వేయమనేది సరిగ్గా ఆ చివరి పాటకు ముందే. చాలాకాలం ఆ పాట ఆయనకు నచ్చదేమో అనుకున్నాం మేము. అడిగితే "అండ్ల ఏమంటడో తెల్వది కొడుకా, ఎందుకు వినుడు" అన్నాడు.

టర్న్‌టేబుల్ కొనేముందు నేల సంగతి చూడాలి. మాది కాజీపేట సోమిడి, పట్టాలకు దగ్గర ఇల్లు. రైల్వే ఉద్యోగికి అదొక సుఖం, రికార్డులు వినేవానికి అదే కష్టం. ఎంత కష్టమో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, ఎవరైనా చేసుకోవచ్చు. ప్లేయర్ ఆపేసి, తిరగని రికార్డు మీద ముల్లు దించి, రోజూ వినేంత వాల్యూమ్ పెట్టాలి. స్పీకర్ ముందు జాలీ తీసేసి వూఫర్ను, అంటే బాస్ పలికే పెద్ద కోనును, చూస్తూ కూర్చోవాలి. నేను అట్లా కూర్చున్న సాయంత్రం బల్లార్షా లైనులో బొగ్గు గూడ్సు వచ్చింది. చప్పుడు నాకింకా సరిగ్గా వినపడకముందే వూఫర్ మెల్లగా లోపలికి, బయటికి ఊగడం మొదలైంది. బండి దాటిపోయేదాకా ఊగుతనే ఉన్నది. పాట లేదు, ఏమీ లేదు, ఆ కాగితం కోను మాత్రం ఊపిరి తీసినట్టు కదులుతున్నది. అంత ఊగే కోను అదే సమయంలో మనిషి గొంతును కూడా పలకాలంటే ఆ గొంతు చెదరక ఏమైతుంది?

దానికి కారణం రికార్డు కోసే పద్ధతిలోనే ఉన్నది. బాస్‌ను ఉన్నదున్నట్టు కోస్తే గాడి అడ్డంగా పాకి పక్క గాడిలోకి పోతుంది. అందుకని కోసేటప్పుడు బాస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. వినేటప్పుడు ఫోనో ప్రీయాంప్, అంటే ముల్లు దగ్గరి చిన్న సిగ్నల్ను పెంచే సర్క్యూట్, ఆ లెక్కను తిరగేస్తుంది. 1954 నుంచి అందరికీ ఒకే కొలత, ఆర్ఐఏఏ అంటారు. 20 హెర్ట్‌జ్ దగ్గర ఈ పెంపు దాదాపు 20 డెసిబెల్స్. అంటే పాటలోని బాస్‌తో పాటు నేలలోంచి వచ్చిన గూడ్సు బండిని కూడా ఫోనో ప్రీయాంప్ అంతే శ్రద్ధగా పెంచి ఇస్తుంది.

కాబట్టి మొదటి ఖర్చు కరీంనగర్ బండ మీద. అక్కడి టాన్ బ్రౌన్ గ్రానైట్ విదేశాలకు పోతుంది, మనకు కోత మిగుళ్లు ఇక్కడే గ్రానైట్ షాపుల్లో దొరుకుతాయి. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ముక్క ఒకటి పాలిష్‌తో సహా కోయించాను. పదిహేను కిలోల దాకా ఉంటుంది. పట్టాలకు దూరంగా ఉన్న లోపలి గోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ, దానికి రెండు ఇనుప బ్రాకెట్లు బిగించాను. బ్రాకెట్ల మీద నేరుగా బండ వేయలేదు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల కింద వేసే మందపాటి రబ్బరు ప్యాడ్లు నాలుగు మూలల పెట్టి, వాటి మీద బండ, బండ మీద టర్న్‌టేబుల్. ఇంజన్ బోగీకి రెండంచెల స్ప్రింగులు ఎందుకుంటాయో ఇదీ అందుకే. బరువైనది మెత్తనిదాని మీద కూర్చుంటే కింది వణుకు పైకి ఎక్కలేదు. రోజంతా చేసే పనే కాబట్టి ఈ ఒక్కచోట ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు. మళ్లీ అదే పరీక్ష పెడితే వూఫర్ కదిలిందా లేదా అని వేలు ఆనించి చూడాల్సి వచ్చింది.

టర్న్‌టేబుల్ ఆడియో టెక్నికాదే, ఎల్‌పీ120ఎక్స్. ఎనిమిది కిలోల బరువు, డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు లేకుండా మోటారే పళ్లేన్ని తిప్పుతుంది), 33, 45, 78 మూడు స్పీడులూ ఉన్నాయి. బెల్టు మంచిదా డైరెక్ట్ డ్రైవ్ మంచిదా అని జనం గంటలు గంటలు కొట్లాడుకుంటారు. రెంటిలోనూ మంచివి ఉన్నాయి, చెడ్డవి ఉన్నాయి. నాకు 78 కావాలి, ముల్లు మార్చుకునే వీలు కావాలి, అందుకే ఇది. దీంతో వచ్చే వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌లో మొన కోలగా ఉంటుంది, 0.3 బై 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు). సన్నటి వైపు గాడి గోడలకు ఆనుతుంది కాబట్టి లోపలి పాటల్లోని సన్న మెలికల్లోకి కూడా దిగుతుంది.

బిగించడం నాకు చాలా ఇష్టమైన భాగం. ముల్లు మీద మూత తీసేసి, యాంటీ స్కేటింగ్ (చేయి లోపలికి జారకుండా ఆపే సర్దుబాటు) సున్నా పెట్టి, చేయి వెనకున్న బరువును మెల్లగా తిప్పుతూ పోవాలి. మొదట ముందుకు వాలుతుంది. తిప్పితే వెనక్కి వాలుతుంది. మధ్యలో ఒక చోట ఎటూ వాలకుండా గాలిలో నిలబడుతుంది, ఊదితే కదిలి మళ్లీ అక్కడికే వస్తుంది. అప్పుడు బరువును కదిలించకుండా దాని ముందున్న అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకు తిప్పుకోవాలి. ఆ తర్వాత రెంటినీ కలిపి 2 మీదికి తేవాలి. వీఎం95ఈకి చెప్పిన బరువు 2 గ్రాములు. చక్రాన్ని నమ్మి ఊరుకోకుండా చిన్న డిజిటల్ తూకం తెచ్చి చూసుకున్నాను, కొన్ని వందల రూపాయలకే వస్తుంది. తక్కువ బరువు పెడితే రికార్డు అరగదని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు చాలకపోతే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతూ గోడలను కొడుతుంది. ఆ దెబ్బకు పోయేది పై స్వరాలే, మాకు కావలసినవీ అవే.

స్పీడు గురించి ఒక మాట. అమెరికా నుంచి బంధువులు పాత టర్న్‌టేబుల్ తెస్తామంటే ముందు మోటారు ఏ రకమో అడగండి. పాతవాటిలో చాలావరకు సింక్రనస్ మోటార్లు. వాటి స్పీడు వోల్టేజీ మీద ఆధారపడదు, లైను ఫ్రీక్వెన్సీని పట్టుకొని తిరుగుతాయి. అక్కడ 60 హెర్ట్‌జ్, మన దగ్గర 50. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టులు ఇచ్చినా ఫ్రీక్వెన్సీ మారదు కాబట్టి ఆరింట ఐదు వంతుల స్పీడుతోనే తిరుగుతుంది. శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా కిందికి దిగుతుంది. సుశీలమ్మ గొంతు ఆమెది కాకుండా పోతుంది. కప్పీ మార్చాలి, లేదంటే ఫ్రీక్వెన్సీ మార్చే సరంజామా కొనాలి. ఎల్‌పీ120ఎక్స్‌లో ఉన్నది డీసీ మోటారు, ఆ బాధ లేదు.

ఎర్తింగ్. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే వోల్టేజీ 4 మిల్లీవోల్టులు. అంత చిన్నదాన్ని అంత పెద్దగా చేస్తున్నప్పుడు ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో "హూం" అని ఒకటే మోత వస్తుంది. మా ఇంట్లో మూడు పిన్నుల సాకెట్లు ఉన్నాయి, మూడో రంధ్రం వెనక వైరు లేదు. పాత ఇళ్లల్లో ఇది మామూలే. పెరట్లో గుంత తీసి జీఐ పైపు దించి, బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస వేసి నీళ్లు పోశాం. ఎర్త్ కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తే రెండు ఓంల లోపే వచ్చింది. టర్న్‌టేబుల్ వెనకనుంచి వచ్చే ఎర్త్ వైరును యాంప్లిఫయర్ మీది జీఎన్‌డీ మరకు బిగించగానే మోత ఆగింది. ఇది పాట కోసమే కాదు, ఇంట్లో మనుషుల కోసం కూడా చేయాల్సిన పని. మీ ఇంట్లో చూసుకోండి. కరెంటు పోయినప్పుడు వినాలంటే ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వింటే గొంతు వెనక ఈగ మోగినట్టే.

యాంప్లిఫయర్ కొత్తది కొనలేదు. నా దగ్గర ముందే ఉన్న యమహా ఏ-ఎస్201లోనే ఫోనో ఇన్‌పుట్ ఉన్నది. టర్న్‌టేబుల్‌లో కూడా ఒక ఫోనో ప్రీయాంప్ ఉంటుంది, వెనక చిన్న స్విచ్చుతో దాన్ని ఆపేయాలి. రెండూ నడిస్తే పెంచినదాన్నే మళ్లీ పెంచి గొంతు బొంగురుపోతుంది.

స్పీకర్ల కోసం బాపును తీసుకొని హైదరాబాద్ పోయాను. పొద్దున కాజీపేటలో బండెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, కోఠి గుజరాతీ గల్లీకి. సంచిలో బాపుకు కంఠతా వచ్చిన రెండు ఎల్‌పీలు. ఒకటి పాటలది, ఒకటి వీణ. షాపువాళ్లు వేసి చూపించే రికార్డుల్లో ఏ స్పీకరైనా బాగానే ఉంటుంది, వాళ్లు ఎంచుకునేదే అట్లాంటి రికార్డులు కాబట్టి. మనకు తెలిసిన గొంతు మనమే తీసుకుపోవాలి. అమ్మే అబ్బాయి మొదట ఒక జత పెట్టాడు. ట్రెబుల్ బాగా మెరుస్తున్నది, తాళాలు, గజ్జెలు గదిలో ఉన్నట్టే ఉన్నాయి. పై ఫ్రీక్వెన్సీలు వినపడని మనిషికి ఇదే సరైనదని మా ఇద్దరికీ అనిపించింది. రెండో జత వార్ఫ్‌డేల్ డైమండ్ 12.1. మెరుపు తక్కువ.

"బాపూ, ఎట్లున్నది?"

కుర్చీలో ముందుకు వంగి కూర్చొని విన్నాడు. "గీ డబ్బాలల్ల మనిషి గొంతు మనిషి గొంతు లెక్కనే ఉన్నది కొడుకా. గా ముందటియి పదునుగున్నయి, చెవుల గుచ్చుతున్నయి."

చెవి దెబ్బతిన్నవాళ్లకు ఇదే జరుగుతుంది. తక్కువ వినపడే ఫ్రీక్వెన్సీలో కూడా శబ్దం ఒక హద్దు దాటితే ఒక్కసారిగా గట్టిగా అయి బాధ పెడుతుంది. మాటను మోసేది మధ్య ఫ్రీక్వెన్సీలు, అవి ఎగుడుదిగుడు లేకుండా ఉంటేనే హల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. బాపు ఎంచుకున్నదే తెచ్చాం. వచ్చేటప్పుడు ఆ రెండు పెట్టెలను పక్క సీటులో పెట్టుకొని, మీద చేయి వేసుకొని కూర్చున్నాడు.

ఇక వాట్ల లెక్క అడిగినవాళ్లకు సమాధానం. ఈ స్పీకర్ల సెన్సిటివిటీ 88 డెసిబెల్స్. అంటే 8 ఓంల స్పీకర్‌కు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత శబ్దం వస్తుంది. ఆ ఒక్క వాటే మామూలు ఇంట్లో గట్టి సౌండు. ఇంకో 3 డెసిబెల్స్ కావాలంటే వాట్లు రెండింతలు కావాలి, అందుకే వాట్లు కొని సౌండ్ పెంచడం నష్టం బేరం. మేం పాటలు వినేటప్పుడు నడిచేది రెండు మూడు వాట్లు. వైర్ల మీద కూడా నేను డబ్బు పోయలేదు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఇంటి వైరింగుకు వాడేదే, ఒక్కో స్పీకర్‌కు ఐదు మీటర్లు. పోనూ రానూ కలిపినా దాని రెసిస్టెన్స్ 0.1 ఓం కూడా ఉండదు. 8 ఓంల ముందు అదెంత? ప్లస్సు ప్లస్సుకు, మైనస్ మైనస్‌కు పడిందా అన్నది మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. ఒక స్పీకర్‌కు తిరగబడితే బాస్ మాయమైపోతుంది, గొంతు మధ్యలో నిలబడదు.

స్టాండ్లు మా వడ్లాయనతో చేయించాను. పాత తలుపు చౌకట్ల టేకు ఇంట్లోనే ఉన్నది. ఎంత ఎత్తు పెట్టాలన్నది పుస్తకంలో ఉన్నట్టు పెడితే మాకు కుదరదు. ట్వీటర్, అంటే పై ఫ్రీక్వెన్సీలు పలికే చిన్న స్పీకర్, చెవికి సమంగా ఉండాలంటారు, ఆ చెవి సోఫాలో కూర్చున్న మనిషిది. బాపు వినేది నులక మంచం మీద, గోడకు దిండు పెట్టుకొని, కాళ్లు చాపుకొని. అందుకే వడ్లాయన ముందు బాపును మంచం మీద కూర్చోబెట్టి నేల నుంచి చెవి దాకా టేపుతో కొలిచాడు. ఆ కొలతలోంచి స్పీకర్ అడుగు నుంచి ట్వీటర్ మధ్య దాకా ఉన్న ఎత్తు తీసేస్తే మిగిలింది స్టాండు ఎత్తు. ఎందుకింత పట్టింపంటే, పై ఫ్రీక్వెన్సీలు టార్చిలైటు వెలుగులాగ సూటిగా పోతాయి, పక్కకు జరిగితే తగ్గుతాయి. అసలే తక్కువ వినపడే చెవికి ఉన్నదాన్నీ పక్కకు పోనీయడం అన్యాయం. స్పీకర్ల మధ్య ఏడడుగులు, ప్రతి స్పీకర్ నుంచి మంచానికి కూడా ఇంచుమించు అంతే. రెండూ కొంచెం బాపు వైపు తిరిగి ఉంటాయి. వెనక గోడకు అడుగున్నర దూరం, ఎందుకంటే ఈ స్పీకర్లకు గాలి రంధ్రం వెనక ఉంటుంది. గోడకు ఆనిస్తే బాస్ ఉబ్బి మాటల మీద పడుతుంది.

మంచం జరపాల్సి వచ్చిందని ఇంట్లో కొంత గొడవైంది. బీరువా తలుపు ఇప్పుడు పూర్తిగా తెరుచుకోదు. "ఇల్లా, స్టూడియోనా" అని మా ఆవిడ రెండు మూడు రోజులు అన్నది. గదికి అసలైన మందు ఇచ్చింది కూడా ఆమెనే. మా గది పన్నెండు బై పద్నాలుగు, పైన స్లాబు, కింద టైల్స్, నాలుగు వైపులా నున్నటి గోడలు. మధ్యలో నిలబడి చప్పట్లు కొడితే "ట్ర్‌ర్‌ర్" అని గోడల మధ్య పాకుతుంది. ఇట్లాంటి గదిలో ఒక అక్షరం తోక ఇంకో అక్షరం మీద పడుతుంది. నాకూ మీకూ మెదడు సర్దుకుంటుంది. బాపులాంటి చెవులకు ఆ సర్దుబాటు జరగదు, ప్రతిధ్వని ఉన్న గదిలో వాళ్లకు మాట ఇంకా చెడిపోతుంది. లక్షలు పెట్టి స్పీకర్లు కొన్నా ఈ గదిలో అంతే.

కొత్తవాడ దర్రీలు మన వరంగల్‌వే, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. పెద్దది ఒకటి తెచ్చి స్పీకర్లకు, మంచానికి మధ్య నేల మీద పరిచాం. నేల నుంచి తగిలి వచ్చే మొదటి ప్రతిధ్వని అక్కడే తగ్గింది. అయితే పలచని నూలు దర్రీ పై ఫ్రీక్వెన్సీలనే మింగుతుంది, దాని కిందివాటికి మందం కావాలి. మందం కోసం మార్కెట్లో దొరికే ఫోము పలకలు తెస్తానంటే మా ఆవిడ అటక మీది బొంతలు దించింది. మా అవ్వ పాత చీరెలు పొరలు పొరలుగా వేసి కుట్టినవి. చీరె అంచులు అక్కడక్కడా ఇంకా కనిపిస్తాయి. మంచం వెనక గోడకు కర్ర కట్టి, గోడను ఆనకుండా నాలుగంగుళాల ఎడం ఉంచి వేలాడదీశాం. ఆ ఎడం ముఖ్యం. గోడకు అతుక్కున్న బట్ట కంటే గోడకు దూరంగా ఉన్న బట్ట ఇంకా కింది ఫ్రీక్వెన్సీలను కూడా పట్టుకుంటుంది. మూలల్లో పాత పత్తి పరుపులు చుట్టి నిలబెట్టాం. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో పత్తికి కరువేమున్నది. చప్పట్లు కొడితే ఇప్పుడు చప్పట్లే వినపడతాయి.

ఖర్చు లెక్క చూస్తే టర్న్‌టేబుల్, స్పీకర్లే ఎక్కువ తిన్నాయి. వినికిడిలో వచ్చిన తేడా చూస్తే మాత్రం బొంతలు, బండ, స్టాండ్ల ఎత్తు, ముల్లు, ఈ నాలుగూ కలిసి మిగతా అన్నింటికంటే ఎక్కువ పని చేశాయి. ఎవరైనా నా దగ్గర పదివేలే ఉన్నాయంటే కొత్త ప్లేయర్ కొనకండి, ముందు ఇవి చేయండి అంటాను.

అన్నీ కుదిరిన రోజు బాపు ఎప్పుడూ వద్దనే ఆ చివరి పాటనే వేశాను. ముందు చెప్పలేదు. రెండో చరణం దగ్గర "ఆగు, మళ్లీ పెట్టు" అన్నాడు. చేయి ఎత్తి వెనక్కి పెట్టాను. మళ్లీ విని, ఆ పాదం తానే మాటలతో సహా అన్నాడు, గొంతు వణుకుతున్నా అక్షరం పోకుండా. ఇన్నాళ్లూ ఆ చోట "లాలా" అని రాగం మాత్రమే తీసేవాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టి ఆ పాదానికి అర్థం చెప్పాడు. మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వచ్చి టీ హోటల్ రేడియోలో ఆ పాట విన్నప్పటి సంగతులు చెప్పాడు. నాకు చాలా సంతోషమైంది, అంతకంటే దాన్ని ఎట్లా రాయాలో తెలియదు.

ఇప్పుడు మిగిలిన పని 78లు. బాపు చిన్నాయిన దగ్గరినుంచి వచ్చినవి, ఎక్కువగా నాటకాల పద్యాలు. వీటి గాడి వెడల్పు, ఎల్‌పీ ముల్లు వేస్తే అడుగున పడి బూడిదలో దొర్లినట్టు గరగరలాడుతుంది. 3 మిల్ మొన ఉండాలి. అదృష్టమేందంటే వీఎం95 వరసలో 78ల కోసం ఎస్‌పీ అనే ముల్లు వేరుగా ఉన్నది, కార్ట్రిడ్జ్ అదే ఉంచి ముల్లు లాగి ఇది తొడగడమే. బరువు మళ్లీ సరిచూసుకోవాలి. ఆర్ఐఏఏ కొలత రాకముందు కోసినవి కాబట్టి బాస్, ట్రెబుల్ నాబ్‌లతో చెవికి సరిపోయేట్టు సర్దుకోవాలి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు రెండు చానళ్లను కలిపి మోనో చేస్తున్నాను. అప్పట్లో గాడి అడ్డంగా మాత్రమే కదిలేది, నిలువుగా కదిలేదంతా దుమ్ము, అరుగుదలే. రెండూ కలిపితే ఆ నిలువుది ఒకదానికొకటి కొట్టుకుపోతుంది.

కడగడంలో ఒక జాగ్రత్త. ఎల్‌పీలకు ఇన్వర్టర్ బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి మెత్తని మైక్రోఫైబర్ బట్టతో గాడి వెంబడి తుడుస్తాను. 78లు లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరిగిపోతుంది, రికార్డు అక్కడితో సరి. వాటికి ఉత్త డిస్టిల్డ్ వాటర్, ఒక్క చుక్క సబ్బునీళ్లు, వెంటనే ఆరబెట్టడం. మే నెలలో మన ఎండకు కిటికీ దగ్గర పెట్టకండి, నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి దొంతరగా వేయకండి.

కొన్ని 78ల మీద లేబుళ్లు చెరిగిపోయి పాడినవాళ్ల పేర్లు తెలియడం లేదు. ఆదివారం పూట ఒక్కొక్కటి వేస్తే, గొంతు విని బాపు పేరు చెప్తున్నాడు, నేను కవరు మీద పెన్సిల్‌తో రాస్తున్నాను. అనుమానమున్నచోట ప్రశ్న గుర్తు పెడుతున్నాను. వరంగల్, హనుమకొండ దిక్కు పాత నాటకాల పద్యాలు విన్న పెద్దమనుషులు మీ ఇళ్లల్లో ఉంటే తీసుకొని రండి. మంచం పక్కన ఇంకో రెండు కుర్చీలు పడతాయి, ఆ ప్రశ్న గుర్తుల్లో కొన్నైనా తీసేయొచ్చు.